కంపెనీ మనది.. బ్యాంకు మాత్రం ఆడిటర్ ఇష్టమా?

వరంగల్, కరీంనగర్, నిజామాబాద్‌ల నుంచి చదువుకున్న పిల్లలు ఇయ్యాల సొంతంగా కంపెనీలు రిజిస్టర్ చేస్తున్నరు. కొలువు కోసం ఎదురుచూసుడు బంద్ చేసి, నలుగురికి కొలువిద్దామనే తెగువ అది. సంతోషమే. కానీ కంపెనీ పేరు కోసం నెల రోజులు కొట్లాడుకునేటోళ్లు, కంపెనీ పైసలు ఏ బ్యాంకులో పెట్టాలన్నది మాత్రం రెండు నిమిషాల్లో తేలుస్తరు. నిజం చెప్పాలంటే వాళ్లు తేల్చరు. ఆడిటర్ ఆఫీసులో కంప్యూటర్ ముందట కూసున్న పిల్లగాడు తేలుస్తడు.

ఎట్లనంటే, 2020 ఫిబ్రవరిలో కేంద్ర సర్కారు ‘స్పైస్ ప్లస్’ అనే ఫారం తెచ్చింది. కంపెనీ రిజిస్ట్రేషన్‌తో పాటే పాన్, టాన్, పీఎఫ్, ఈఎస్ఐ, బ్యాంకు అకౌంట్ అన్నీ ఒక్క దరఖాస్తుతోనే అయిపోతయి. అందులో బ్యాంకుల జాబితా ఒకటి ఉంటది. ఏదో ఒక పేరు నొక్కనిది ఫారం ముందుకు పోదు. నొక్కేటోడు తనకు అలవాటైన పేరు నొక్కుతడు. ఆ బ్యాంకు బ్రాంచి మీ మండలంలో ఉన్నదా, మీ వ్యాపారానికి పనికొస్తదా అన్నది ఆయనకెందుకు? ఆ అకౌంట్ నచ్చకపోతే తర్వాత ఇంకో బ్యాంకులో కరెంట్ అకౌంట్ తెరుచుకోవచ్చు, చట్టం అడ్డు చెప్పదు. ఈ సంగతి చెప్పేటోళ్లే తక్కువ.

ఇది చిన్న ముచ్చట కాదు. 2018 నవంబర్‌లో వచ్చిన సవరణ ప్రకారం, కంపెనీ పుట్టిన 180 రోజుల్లోపు వాటాదారులు తమ వాటా సొమ్ము చెల్లించినట్టు రిజిస్ట్రార్‌కు డిక్లరేషన్ ఇయ్యాలె. అది ఇయ్యనిది వ్యాపారం మొదలుపెట్టరాదు, అప్పు తీసుకోరాదు. గడువు దాటితే కంపెనీకి 50 వేల జరిమానా, బాధ్యులైన డైరెక్టర్లకు రోజుకు వెయ్యి చొప్పున లక్ష దాకా. ఆ సొమ్ము చెల్లించినట్టు రుజువు కంపెనీ బ్యాంకు అకౌంటే. బోర్డు తీర్మానంలో ఒక అక్షరం తేడా ఉన్నదని, రిజిస్టర్డ్ ఆఫీసు కరెంటు బిల్లు పాతదని, 10 శాతానికి మించి వాటా ఉన్నోళ్ల కాగితాలు సరిగ లేవని బ్యాంకు తిప్పుతుంటే, ఆ దినాలు మన లెక్కలోంచే పోతయి. ‘కాగితాలన్నీ ఇస్తే ఎన్ని రోజుల్లో అకౌంట్ నడుస్తది?’ అన్నది మేనేజర్‌ను అడగాల్సిన మొదటి ప్రశ్న.

రెండో ప్రశ్న పైసలది. కొత్తోళ్లు సేవింగ్స్ అకౌంట్‌కు అలవాటుపడి వస్తరు. కంపెనీకి సేవింగ్స్ అకౌంట్ ఇయ్యరు, కరెంట్ అకౌంటే. వడ్డీ రాదు. పైగా సగటు నిల్వ ఉంచాలె. ఈ ‘సగటు’ అన్న మాటలోనే మతలబు ఉన్నది. నెల సగటు 50 వేలు అన్నరనుకుందాం. పది రోజులు లక్షన్నర ఉండి, ఇరవై రోజులు ఖాళీగ ఉన్నా లెక్క సరిపోతది. రోజూ 50 వేలు ఉంచాలని భయపడి అప్పు తెచ్చి పెట్టేటోళ్లున్నరు, ఆ అవసరం లేదు. కానీ విత్తనాలు, ఎరువుల డీలర్‌కు, సర్కారు బిల్లుల కోసం నెలల తరబడి తిరిగే కాంట్రాక్టర్‌కు నెల సగటు కత్తిమీద సామే. వాళ్లు మూడు నెలల సగటు చూసే బ్యాంకును వెతుక్కోవాలె.

ఇగ నగదు. సాఫ్ట్‌వేర్ కంపెనీకి నగదుతో పని లేదు, దాని మీద ఎంత చార్జీ ఉంటే ఏంది? కిరాణా సరుకు పంచే కంపెనీకి మాత్రం రోజూ సాయంత్రం నోట్ల కట్టలే. నెలకు ఇంత దాకా ఉచితం, దాటితే వెయ్యికి ఇంత, వేరే బ్రాంచిలో వేస్తే ఇంకింత, ఆ చార్జీల మీద మళ్ల 18 శాతం జీఎస్టీ. ‘జీరో బ్యాలెన్స్’ అని మొబైల్‌లో ప్రకటన చూసి పోయినోళ్లు నష్టపోయేది ఈడనే. చార్జీల పట్టిక చేతికి తీసుకోండ్రి, మీ నెల లావాదేవీలతో లెక్కగట్టండ్రి.

అన్నిటికన్న పెద్ద ముచ్చట భద్రత. 2000 దశకం మొదట్లో కృషి, చార్మినార్ సహకార బ్యాంకులు కూలినప్పుడు హైదరాబాద్‌లో చిన్న డిపాజిటర్లు ఎంత ఏడ్చిండ్రో పాత తరానికి ఎరుక. అప్పుడు డిపాజిట్ బీమా లక్ష రూపాయలు. 2020 ఫిబ్రవరి నుంచి 5 లక్షలు. అది ఒక్కో బ్యాంకులో ఒక్కో డిపాజిటర్‌కు, అన్ని బ్రాంచీలు కలిపి. కంపెనీ కూడా ఒక డిపాజిటరే. ముప్పై లక్షలున్న కంపెనీకీ బీమా అంతే. 2020 మార్చిలో యెస్ బ్యాంకు మీద మారటోరియం పెట్టి 50 వేలకు మించి తీయొద్దన్నరు. రెండు వారాలకు ఎత్తేసిండ్రు, నిజమే. ఆ రెండు వారాల్లో ఇరవై మంది జీతాలు ఎట్ల ఇయ్యాలె? అందుకే రెండో బ్యాంకులో ఒక అకౌంట్ ఉంచుకోవాలన్నది నా మాట. వడ్డీ ఎక్కువిస్తమన్న చిన్న సహకార బ్యాంకులో 5 లక్షలకు మించి కంపెనీ సొమ్ము పెట్టొద్దు.

అయితే లోన్ తీసుకున్న కంపెనీ ఇష్టమొచ్చిన చోటల్లా కరెంట్ అకౌంట్లు తెరవరాదని 2020 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు ఆంక్షలు పెట్టింది, తర్వాత సవరిస్తూ వచ్చింది. రేపు క్యాష్ క్రెడిట్ ఎవరిస్తరో వాళ్ల దగ్గరనే మొదటి అకౌంట్ ఉంటే ఈ తిప్పలు తక్కువ. ఏడాది పాటు మన అమ్మకాలు కండ్లతో చూసిన మేనేజర్‌కు, ఎక్కడో కాల్ సెంటర్‌లో కూసున్నోనికి ఫరకు ఉంటది. 2017లో స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ ఎస్‌బీఐలో, 2020లో ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసినంక, తెలిసిన మేనేజర్ అన్న మాటే కరువైంది. 2025 జనవరి నుంచి తెలంగాణ గ్రామీణ బ్యాంకు ఒక్కటే రాష్ట్రమంతటి గ్రామీణ బ్యాంకు అయింది. ఊళ్లల్లో కంపెనీ నడిపేటోళ్లు దాని బ్రాంచి గడప కూడా ఒకసారి తొక్కి అడగాలె.

సంతకాల సంగతి కూడా ముందే తేల్చుకోవాలె. ఇద్దరు దోస్తులు కంపెనీ పెడతరు, ‘ఎవరైనా ఒక్కరు సంతకం పెట్టొచ్చు’ అని తీర్మానం రాస్తరు. దోస్తానా ఉన్నన్ని దినాలు బాగనే ఉంటది. చెడిన దినం ఒకడు సొమ్మంతా తీస్తడు, ఇంకొకడు బ్యాంకుకు ఉత్తరం రాసి అకౌంట్ ఆపిస్తడు, మధ్యలో జీతగాళ్లు ఆగమైతరు. చిన్న మొత్తానికి ఒక్కరు, పెద్ద మొత్తానికి ఇద్దరు అని రాసుకుంటే పోయేదేముంది?

విద్యార్థులకు ఒక మాట. ‘డైరెక్టర్‌గా పేరు పెట్టు, కరెంట్ అకౌంట్ తెరువు, చెక్‌బుక్, సిమ్ ఇయ్యి, నెలకు ఇంత ఇస్తం’ అని హాస్టళ్ల చుట్టు తిరిగేటోళ్లున్నరు. సైబర్ దోపిడీ సొమ్ము దాటేది అసొంటి అకౌంట్ల నుంచే. రూపాయి తినకపోయినా కేసు అకౌంట్ పేరున్నోని మీదనే పడతది. తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో ఇసొంటోళ్లను అరెస్టు చేస్తనే ఉన్నది. సర్కారు ఉద్యోగులైతే అనుమతి లేకుండ డైరెక్టర్‌గా సంతకమే పెట్టొద్దు, ప్రవర్తనా నియమావళి ఒప్పుకోదు.

బ్యాంకు చెప్పని చార్జీ కోసినా, అకౌంట్ ఊరికే ఆపినా ముందు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండ్రి. 30 రోజుల్లో జవాబు రాకుంటే, వచ్చినా తృప్తిగ లేకుంటే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు పోవచ్చు. దానికి వకీలు అక్కర్లేదు, ఫీజు లేదు.