నడిచే హక్కు ఉప్పల్ దాకా రావాలి

సంపాదకునికి,

సుప్రీంకోర్టు అనగానే మన పత్రికల్లో గవర్నర్ల అధికారాలు, రిజర్వేషన్లు, పార్టీ ఫిరాయింపులు మొదటి పేజీకెక్కుతాయి. అవి పెద్ద విషయాలే, కాదనను. కానీ 2025 మే 14న అదే కోర్టు చెప్పిన మాట హైదరాబాద్‌లోని ఉప్పల్, నాచారం జనానికి రోజూ అక్కరకొచ్చేది. అడ్డంకులు లేని, వికలాంగులు కూడా వాడుకోగల ఫుట్‌పాత్ మనిషికి ఉండాలనీ, అది రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమేననీ జస్టిస్ అభయ్ ఎస్. ఓకా, జస్టిస్ ఉజ్జల్ భూయాన్ ధర్మాసనం స్పష్టం చేసింది. జస్టిస్ భూయాన్ మన తెలంగాణ హైకోర్టుకు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసినవారే.

కోయంబత్తూరుకు చెందిన ఎముకల వైద్యుడు డాక్టర్ రాజశేఖరన్ 2012లో వేసిన వ్యాజ్యమిది. అదే కేసులో 2025 అక్టోబర్ 7న జస్టిస్ పార్దీవాలా, జస్టిస్ విశ్వనాథన్ ధర్మాసనం ఇంకో అడుగు వేసింది. 50 పెద్ద నగరాల్లో రోడ్లు ఎవరి చేతిలో ఉంటే వాళ్లే ఫుట్‌పాత్‌లను, రోడ్డు దాటే చోట్లను తనిఖీ చేయాలంది. పాదచారులు ప్రమాదాలకు గురైన చోట్లతో, బస్టాండ్లు, మార్కెట్లు, బడుల వంటి రద్దీ ప్రాంతాలతో మొదలుపెట్టమంది. నిబంధనలు చేయడానికి రాష్ట్రాలకు ఆరు నెలల గడువిచ్చింది. 2023లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,72,890 మంది పోతే అందులో 35,221 మంది కాలినడకన వెళ్తున్నవాళ్లు. ప్రతి ఐదుగురిలో ఒకరన్నమాట.

ఉప్పల్ రింగురోడ్డు చూడండి. వరంగల్, యాదగిరిగుట్ట బస్సుల కోసం వచ్చేవాళ్లు, మెట్రో దిగేవాళ్లు, స్టేడియంలో మ్యాచ్ ఉన్నరోజు వచ్చేవాళ్లు అందరూ కలిసేది అక్కడే. 2023 జూన్‌లో స్కైవాక్ తెరిచారు. చౌరస్తా దాటడానికి అది మేలే చేసింది. మెట్లు దిగాక మాత్రం మళ్లీ వాహనాల మధ్యే నడక. వరంగల్ రోడ్డు వైపు నారపల్లి దాకా ఎలివేటెడ్ కారిడార్‌కు 2018లో శంకుస్థాపన జరిగింది. ఏళ్ల తరబడి సాగిన ఆ పనుల మధ్య నడిచేవాడికి దారి ఎక్కడో ఎవరూ గీసి చూపించలేదు. హబ్సిగూడ నుంచి నాచారం వచ్చే రోడ్డు ఇంకా ఇరుకు. దుకాణాల ర్యాంపులు, ట్రాన్స్‌ఫార్మర్లు, నిలిపిన బైకులు పోగా మిగిలిన జాగాలోనే ఈఎస్‌ఐ ఆసుపత్రికి రోగుల్ని తీసుకొచ్చేవాళ్లూ, పారిశ్రామికవాడలో షిఫ్టు దిగిన కార్మికులూ నడవాలి. కారున్నవాడికి ఇది ట్రాఫిక్ సమస్య, వీళ్లకు ప్రాణ సమస్య.

అడిగితే ప్రతి శాఖా పక్క శాఖను చూపిస్తుంది. జాతీయ రహదారి ఒకరిది, మెట్రో స్తంభాల కింది జాగా ఇంకొకరిది, లోపలి రోడ్లు నగరపాలక సంస్థవి. తవ్వేది ఒకరు, పూడ్చాల్సింది ఇంకొకరు. కోర్టు ఆదేశం రోడ్డు యజమానిని ఉద్దేశించి ఉంది కాబట్టి మొట్టమొదట తేలాల్సింది ఆ యజమాని ఎవరన్నదే. ఉప్పల్, నాచారంలో ఏ రోడ్డులో ఏ భాగం ఎవరి బాధ్యతో రాసి వార్డు కార్యాలయం ముందు బోర్డు పెట్టాలి. తనిఖీలో ఏం తేలిందో ఆ పక్కనే తెలుగులో అంటించాలి. నా వాదనంతా ఇదే. బాధ్యుడి పేరు తెలియని హక్కు కాగితం దాటదు.

నిధులు లేవనే జవాబు కూడా వస్తుంది. మురుగు కాలువలు కట్టడానికి డబ్బు లేదని మధ్యప్రదేశ్‌లోని రత్లాం పురపాలక సంఘం 1980లో ఇలాగే చెప్పుకుంటే జస్టిస్ కృష్ణయ్యర్ ఒప్పుకోలేదు. పౌరుల కనీస అవసరాలు తీర్చే బాధ్యత నుంచి ఖజానా ఖాళీ అని చెప్పి తప్పుకోలేరన్నారు.

ఒక్క భయం మాత్రం ఉంది. ఫుట్‌పాత్ ఖాళీ చేయించడమంటే మన దగ్గర ముందుగా తోపుడు బండి మీదే పడతారు. పక్కా మెట్లు రోడ్డు మీదకు కట్టుకున్న దుకాణం జోలికి పోరు. వీధి వ్యాపారులకు 2014 చట్టం ఉంది, వాళ్లకు స్థలం కేటాయించే బాధ్యతా అందులోనే ఉంది. పండ్లమ్మే అమ్మను తరిమేసి నడిచే హక్కు ఇచ్చామంటే నడిచేవాళ్లం మేమే ఒప్పుకోం.

మీ పత్రిక జిల్లా పేజీల్లో వారానికొక రోడ్డు చొప్పున ఫొటోతో, బాధ్యత గల శాఖ పేరుతో వేయండి. కాలనీ సంక్షేమ సంఘాలు తనిఖీ నివేదిక కోసం సమాచార హక్కు కింద దరఖాస్తు చేయాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు,
నాచారం, హైదరాబాద్