స్తోత్రం తొందరపెట్టకూడదు

1637లో జర్మనీలోని ఐలెన్‌బుర్గ్‌ను ప్లేగు ఊడ్చేసింది. అప్పటికే ముప్పై ఏళ్ల యుద్ధానికి బెదిరి వచ్చిన జనంతో ఊరు కిక్కిరిసి ఉంది. తోటి పాస్టర్లు లేకుండా పోగా ఒంటరిగా మిగిలిన మార్టిన్ రింకార్ట్ ఒక్కోరోజు నలభై, యాభై మందిని సమాధి చేశాడు. ఆ ఏడాదే భార్యా పోయింది. ఆపై కరువు! ఉన్నది పంచిపెట్టి, పిల్లల తిండికోసం రాబోయే జీతం తాకట్టు పెట్టాడు. లూథరన్ చర్చీలు నేటికీ పాడుకునే కృతజ్ఞతా కీర్తన రాసింది ఈయనే. అంత మట్టి మోసిన మనిషి నోట స్తుతి నిజంగా బరువైనది. బిడ్డను పోగొట్టుకున్న తల్లితో మూడోరోజుకే "అంతా మేలుకే, స్తోత్రం చెప్పమ్మా" అనడం మాత్రం విశ్వాసం కాదు, తొందరపాటు. ఆమెను ఏడవనివ్వాలి. యోబు స్నేహితులు సైతం మొదటి ఏడు రోజులూ అతని పక్కన నేలమీద కూర్చున్నారు, ఒక్కమాటా అనలేదు.