మా ఊర్లో చూసేకి ఏముంది?

హాస్టలు మెస్సులో ఈ ప్రశ్న నన్ను అడగనివాడు లేడు. "మీది కోయిలకుంట్లా? అక్కడ చూసేదానికి ఏముంది?" అడిగినవాళ్ళ తప్పేమీ లేదు. రాయలసీమ అనగానే సుమోలూ బాంబులూ కళ్ళముందు కనబడేటట్టు మన సినిమాలవాళ్ళు చాలా యేండ్లు కష్టపడినారు. తప్పంతా జవాబు చెప్పినవానిది. "ఏముందప్పా, ఏమీ లేదు. బెలుం గుహలు చూసుకోని, యాగంటి బసవన్నకు దండం పెట్టుకోని పొండి" అని రెండేండ్లపాటు నేనే చెప్తూ వచ్చినాను.

పోయిన డిసెంబరులో గుంటూరు వైపు మిత్రుడొకడు సెలవులకు నాతోపాటు మా ఇంటికి వచ్చినాడు. నంద్యాల - ఎర్రగుంట్ల రైలుమార్గం 2016లో పూర్తయినప్పటినుంచీ కోయిలకుంట్లకు రైలుంది. అంతకుముందు బస్సే గతి. రైలు దిగంగానే వానిని తీసుకుపోయి ఒక హోటల్లో బిరియానీ తినిపించినాను. ఆ హోటలు పేరు వద్దులెండి. ఆ అన్నం ఎప్పటిదో, ఆ మసాలా ఎక్కడిదో, మరుసటి రోజంతా వాడు మంచం దిగలేదు. ఇంటికి పోయేసరికి మా జేజి పొయ్యికాడ కూర్చోని, ఆరు జొన్నరొట్టెలు గుడ్డలో చుట్టిపెట్టి, వంకాయ పులుగూరా, చెనిక్కాయల ఊరిబిండీ చేసిపెట్టి ఉంది. మేము తినొచ్చినామని చెప్తే ఒక్కటే మాట అడిగింది. "ఆ పిల్లోడు రొట్టె తిననన్యాడా, తినడని నువ్వనుకున్యావా?"

దానికి నాదగ్గర జవాబు లేదు. ఈ వ్యాసం ఆ రోజునుంచి నాలో తిరుగుతున్న మాటే.

నేను చదివేది భూగర్భశాస్త్రం. మొదటి సంవత్సరంలో కర్నూలు గ్రూపు శిలల పట్టిక బట్టీపెట్టించినారు. అడుగునుంచి పైకి చెప్తే బనగానపల్లె క్వార్ట్‌జైట్, నార్జి సున్నపురాయి, అవుకు షేల్, పాణ్యం క్వార్ట్‌జైట్, ఆ తర్వాత కోయిలకుంట్ల సున్నపురాయి, అన్నిటికన్నా పైన నంద్యాల షేల్. మా ఊరిపేరు పాఠ్యపుస్తకంలో చూసి ముందు అచ్చుతప్పేమో అనుకున్నాను! విలియం కింగ్ అనే దొర 1872లోనే కడప, కర్నూలు శిలల మీద పెద్ద గ్రంథం రాసినాడంట. ఎక్కడెక్కడి శాస్త్రజ్ఞులో మా ఊరిపేరు పలుకుతుంటే, ఆ ఊర్లో పుట్టినవాన్ని నేను "ఏమీ లేదు" అంటూ తిరుగుతున్నాను.

కాబట్టి బెలుం పోవద్దని చెప్పను. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ చూసి రాసిన గుహలవి. తర్వాత దాదాపు నూరేండ్లు పట్టించుకున్నవాడు లేడు. 1982, 83లలో గెబావర్ నాయకత్వంలో జర్మనీవాళ్ళు వచ్చి కొలిచినారు. 2002లో జనానికి తెరిచినారు. 3,229 మీటర్ల పొడుగున్న ఈ గుహలో కొంతభాగమే మనల్ని పోనిస్తారు. లోపల ఉక్క ఎక్కువ, నీళ్ళసీసా మరువొద్దు. అయితే రంగులదీపాల కింద ఫోటోలు దిగి బయటికొచ్చేవాళ్ళకు నేను చెప్పేదొకటే. బయటికొచ్చినాక కొలిమిగుండ్లలో ఏ ఇంటి గడపకాడైనా నిలబడి కిందికి చూడండి. పరిచిన నాపరాయీ ఆ నార్జి సున్నపురాయి జాతిదే. వాననీళ్ళు గాలిలో బొగ్గుపులుసు వాయువును కలుపుకోని లక్షల యేండ్లు కరిగిస్తే గుహ అయింది. కూలిమనిషి ఉలి పెట్టి పొరపొరగా లేపితే ఇంటి బండ అయింది. మొదటిదానికి టికెట్టుంది, రెండోదాన్ని చూడమని చెప్పేవాడే లేడు.

ఇక ఉయ్యాలవాడ నరసింహారెడ్డి. 2019లో సినిమా వచ్చినాక మా మిత్రుడు అడిగిన ప్రశ్న ఇది: "ఆయన నిజంగా ఉన్నాడా?" ఉన్నాడప్పా. కుంఫిణీవాళ్ళు ఇచ్చే తవర్జీ నెలకు పదకొండు రూపాయల పది అణాల ఎనిమిది పైసలు. ఆ చాలీచాలని భరణం దగ్గర మొదలైన తగాదా 1846 జులైలో కోయిలకుంట్ల ఖజానా మీద దాడిదాకా పోయింది. నొస్సం కోటలో కొట్లాడినాడు, పేరుసోముల దగ్గర పట్టుబడినాడు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో జనమంతా చూస్తుండగా ఉరితీసినారు. ఆ తలను కోట బురుజుకు 1877 దాకా వేలాడదీసినారు. ముప్పై యేండ్లు! ఆ దారిన సంతకు పోయిన ప్రతి రైతూ తలెత్తి చూసుకుంటా పోయినట్టే గదా. 2021లో ఓర్వకల్లు విమానాశ్రయానికి ఆయన పేరు పెట్టినారు, సంతోషమే. కానీ విమానం దిగినవాడు ఆయన ప్రాణం పోయిన ఊరిదాకా రావాలంటే మనం పిలవాలా వద్దా? నొస్సంలో ఆ శిథిలాల మధ్య ఒక పూట తిరిగితే, పాలెగాళ్ళంటే కత్తులు పట్టుకోని అరిచే సినిమావేషాలు కాదని ఎవరికైనా తెలుస్తుంది.

తిండి సంగతి దగ్గర ఇంకొంచెం నిలబడతాను, మా జేజికి బాకీ ఉన్నాను గనుక.

పొద్దున్నే ఏడు గంటలకు బస్టాండు చుట్టుపక్కల ఏ బండికాడికి పోయినా ఉగ్గాని దొరుకుతుంది. బొరుగులు నీళ్ళలో ముంచి, పిండి, ఉల్లిగడ్డల తిరగమాతలో వేసి, పుట్నాలపొడి చల్లి, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు పెడతారు. తొమ్మిది దాటితే గిన్నె అడుగు కనిపిస్తుంది. ఆలస్యంగా లేచేవాళ్ళకు సానుభూతి తప్ప నేను చేయగలిగిందేమీ లేదు.

రొట్టె మాత్రం బండికాడ దొరకదు. జొన్నపిండికి గోధుమపిండి మాదిరి సాగే గుణం లేదు, గ్లూటెన్ ఉండదు. ఎసరు నీళ్ళు పోసి పిసికితేనే పిండి ఒకదానికొకటి పట్టుకుంటుంది. తర్వాత అరచేత్తో తట్టి తట్టి పల్చగా చేయాల. అదంతా మా జేజి శాస్త్రం చదవకుండానే చేస్తుంది, నేను చదివి కూడా చేయలేను. కాకపోతే ఇప్పుడు జేజికి జొన్నలే కరువు. మా నల్లరేగడి చేలల్లో ఒకప్పుడు వానలు వెనకబట్టినాక, నేలలోని తేమతోనే జొన్న పండేది. ఇప్పుడు ఎక్కడ చూసినా శెనగే. జె.జి. 11 రకం వచ్చినాక మా నాయన కూడా అటే మళ్ళినాడు. తప్పు పట్టలేను. శెనగకు మార్కెట్టుంది. ఎద్దులు పోయి ట్రాక్టర్లొచ్చినాక జొన్నచొప్ప ఎవరికి కావాల? 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చినప్పుడు పేదల ఇండ్లలోకి అన్నం వచ్చింది, అది మంచిదే. దానివెంటనే రొట్టె అంటే లేనోళ్ళ తిండి అనే చిన్నచూపు కూడా వచ్చింది. ఆ చిన్నచూపే నన్ను రైలు దిగంగానే బిరియానీ హోటలుకు నడిపించింది.

వచ్చిన అతిథి రొట్టె కావాలని అడిగితే హోటలువాడు జొన్నలు కొంటాడు. హోటలువాడు కొంటే మా నాయన రెండెకరాలు జొన్న విత్తుతాడు. ఇది అర్థశాస్త్ర విద్యార్థులకు నవ్వొచ్చేంత చిన్న లెక్కే, అయినా నేను నమ్ముతాను.

కొనుక్కుపోయేకి ఏమున్నాయంటారా? ఎండాకాలమైతే బనగానపల్లె మామిడి; 2017లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆళ్ళగడ్డలో రాతిశిల్పాలు. మిగిలిన కాలంలో శెనగలు, చెనిక్కాయలు. బారు ఎక్కడుందని మాత్రం నన్నడగొద్దు. ఆ దారి ఎవరూ చెప్పకుండానే అందరికీ తెలుస్తున్నది. నాకు బాధ కలిగేది వేరే విషయంలో. మా అక్క స్నేహితురాండ్లు నలుగురు గుహలు చూసేకి వచ్చి, దారిలో ఒకచోట ఆడవాళ్ళు వాడుకోదగ్గ మరుగుదొడ్డి దొరక్క పొద్దంతా నీళ్ళు తాగకుండా తిరిగినారు. మందుషాపులు దొరికినంత సులభంగా ఇది దొరికిననాడు "రండి" అనే మాట నేను ఇంకా గట్టిగా అంటాను.

విద్యార్థి సంఘం పెద్దలకు ఒక మనవి. ప్రతి యేడూ విజ్ఞానయాత్ర అని ఊటీకో, గోవాకో పోతున్నాము. విజ్ఞానం ఎంత వచ్చిందో పోయినవాళ్ళకు తెలుసు! ఈసారి ఒక్క మూడు రోజులు సీమకు రండి. ఎండాకాలం వద్దు, మా బండలు కాలిపోతుంటాయి. నవంబరు నుంచి జనవరి లోపల అయితే శెనగచేలు పచ్చగా ఉంటాయి, కుందూలో నీళ్ళుంటాయి. మిద్దె మీద పడుకునేకి చోటుంది. ఎంతమంది వస్తారో మాత్రం వారం ముందు చెప్పండి. జొన్నలు తెచ్చి పిండి ఆడించాల. పాతబడిన పిండితో చేస్తే రొట్టె విరిగిపోతుందని జేజి ఒప్పుకోదు.