"బయట ఏదో తిన్నరు" అనే మాట ఇక నడవది



2024 డిసెంబర్‌లో తాండూరు గిరిజన బాలికల హాస్టల్ పిల్లలు వాంతులు, కడుపునొప్పితో దవాఖాన పాలయ్యారు. దానికి ముందే, నవంబర్ 25న, వాంకిడి గిరిజన ఆశ్రమ పాఠశాల చెల్లె నిమ్స్‌లో కన్నుమూసింది. దాదాపు నెల రోజులు కొట్లాడి పోయింది.

ఇట్ల అయిన ప్రతిసారి హాస్టళ్లల్ల మనం వినే మాట ఒకటే. "బయట ఏదో తిన్నరు." సరే, లెక్క తీద్దాం. ఒక పిల్ల బయట మిర్చీలు తింటే ఆ ఒక్క పిల్లకే కడుపు పాడైతది. ఒకే రాత్రి ముప్పై మంది పడిపోతే, అందరు తిన్నది ఒకే గంజులది, లేకుంటే తాగింది ఒకే ట్యాంకుది. ఇది అర్థం కావడానికి డాక్టరీ చదవాల్నా?

రాత్రి మిగిలిన అన్నం పొద్దున తాలింపు పడి పులిహోర అయితది, మనందరికి తెలిసిందే. బియ్యంలో బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా బీజాలుంటయి. అవి ఉడికించినా చావవు. పెద్ద గంజు నిండ అన్నం మూతపెట్టి వదిలేస్తే నడుమ గంటలకొద్దీ గోరువెచ్చగనే ఉంటది. అక్కడ అవి మొలిచి, పెరిగి, విషం తయారు చేస్తయి. మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. తిన్న కొన్ని గంటల్లోనే వాంతులు. అదే సాల్మొనెల్లా అయితే చాలాసార్లు మరుసటి రోజుకు జ్వరం, విరేచనాలు.

కొందరు రెండ్రోజుల తర్వాత పడతరు. "వాళ్లను చూసి భయపడ్డరు" అంటరు. భయం కాదు సారూ! కొన్ని సూక్ష్మక్రిములు చేతి నుంచి చేతికి పోతయి. బాత్రూంలో సబ్బు లేని దగ్గర ఇంకా తొందరగ పోతయి.

వంటక్కలను తిట్టకండి. వాళ్లూ మనోళ్లే. 2024 ఆఖరుకు డైట్ చార్జీలు 40 శాతం పెంచిన్రు, మంచిదే. 3 నుంచి 7వ తరగతి పిల్లకు నెలకు 950 ఉన్నది 1330 అయింది. అంటే రోజుకు 44 రూపాయలు, అన్ని పూటలకు కలిపి! వార్డెన్‌ను సస్పెండ్ చేస్తే ట్యాంకు శుభ్రమైతదా, ఫ్రిజ్ వస్తదా?

ఈసారి ఎక్కడ జరిగినా మన పిల్లలు ముందు రాసి పెట్టాలె: ఎవరు ఏం తిన్నరు, ఎన్ని గంటలకు, ఎవరు తినలేదు, ఎవరికి ఎప్పుడు మొదలైంది. మిగిలిన కూర, అన్నం పారబోయనియ్యొద్దు. గంజులు కడగకముందే, ఆఫీసర్ ముందటనే శాంపిల్ తీయమని అడగాలె, రిపోర్టు తల్లిదండ్రులకు చూపమని అడగాలె.