జ్వరం ఎక్కే బస్సు ఏది?

సంక్రాంతికి హైదరాబాద్ నుంచి ఊరెళ్లే బస్సులో సీటు దొరకడం ఎంత కష్టమో మీకు చెప్పక్కర్లేదు. మీకు సీటు దొరికిందంటే మీ గొంతులో ఉన్న వైరస్‌కీ దొరికినట్టే. దానికి విడిగా టికెట్ అక్కర్లేదు.

జబ్బు ముందు ఎక్కడికి పోతుంది? పక్క ఊరికే అనుకుంటాం. కానీ పక్క ఊరికి రోజుకు రెండే బస్సులుండి, మూడొందల కిలోమీటర్ల అవతలి నగరానికి గంటకో బస్సుంటే? జబ్బుకి ఆ నగరమే దగ్గర. డిర్క్ బ్రాక్‌మన్, డిర్క్ హెల్బింగ్ 2013లో 'సైన్స్' పత్రికలో చూపించింది ఇదే. విమాన ప్రయాణికుల రాకపోకలతో దూరాన్ని కొలిచి చూస్తే 2003 సార్స్, 2009 హెచ్1ఎన్1 చెరువులో రాయి వేసినప్పటి అలల్లా వరసగా విస్తరించినట్టు కనిపించాయి. మామూలు మ్యాప్ మీద మాత్రం అంతా గందరగోళమే.

అంతకుముందు 2006లో బ్రాక్‌మన్ బృందం ఇంకో తమాషా పని చేసింది. అమెరికాలో డాలర్ నోటు నంబరు ఎక్కించి అది ఎక్కడెక్కడ తిరిగిందో చూసుకునే 'వేర్ ఈజ్ జార్జ్' అనే కాలక్షేపం సైట్ ఉంది. ఆ డేటా పట్టుకుని మనుషుల తిరుగుడు లెక్కగట్టారు. చాలా నోట్లు చుట్టుపక్కలే తిరుగుతాయి. ఏ ఒక్కటో దేశం ఆ కొసకి దూకుతుంది. జబ్బుల విషయంలో కొంప ముంచేది ఆ ఒక్క దూకుడే.

కెన్యాలో దాదాపు కోటిన్నర మంది మొబైల్ వినియోగదారుల ఏడాది కదలికల్ని మలేరియా మ్యాప్‌తో కలిపి చూశారు. విక్టోరియా సరస్సు ప్రాంతం నుంచి నైరోబీకి మలేరియా మనుషుల ఒంట్లో వస్తోందని తేలింది. దోమ అంత దూరం ఎగరలేదు కదా!

ఇదంతా డాక్టర్ల పని అనుకోకండి. నోడ్లు, ఎడ్జ్‌లు, వెయిట్లు... బీటెక్‌లో పరీక్షకి బట్టీపట్టి వదిలేసిన గ్రాఫ్ థియరీయే ఇది. నేనైతే మూడేళ్లపాటు పార్సిల్ ఐదు నిమిషాలు ముందు చేరే దారి కోసం ఆ లెక్కలు వేశాను. జీతం బాగానే ఇచ్చారు. కానీ 2020 మార్చిలో హాస్టల్ ఖాళీ చేయమన్నప్పుడు, బ్యాగుతో పోలీస్ స్టేషన్ ముందు పాస్ కోసం నిలబడ్డ నాకు ఒక్కటే భయం: నాన్నమ్మకి ఏం మోసుకెళ్తున్నాను? ఏ రూటులో రిస్క్ ఎంతో చెప్పేవాళ్లు ఆ లైన్లో ఎవరూ లేరు. పద్నాలుగు రోజులు గుమ్మం అవతలే అన్నం తిన్నాను.

మరి ప్రైవసీ సంగతి? అడగాల్సిందే. ఈ లెక్కకి ఎవరు వెళ్లారో అక్కర్లేదు, ఎక్కణ్నుంచి ఎక్కడికి ఎంతమంది అన్నది చాలు. పేర్లు, ఫోన్ నంబర్లు అడిగే మోడల్‌ని అనుమానించండి. రోజుకు ఇద్దరే వెళ్లే పల్లె అయితే ఆ సంఖ్య కూడా బయటపెట్టకూడదు, ఆ ఇద్దరెవరో ఊరందరికీ తెలిసిపోతుంది.

ఫైనలియర్ ప్రాజెక్టుకి మళ్లీ అటెండెన్స్ యాప్ చేయబోతున్నారా? మీ జిల్లా బస్సుల టైమ్‌టేబుల్ తీసుకోండి. ఊళ్లు నోడ్లు, బస్సుల సంఖ్య వెయిట్. పైథాన్‌లో నెట్‌వర్క్ఎక్స్ ఉచితమే. మీ ఊరికి నిజంగా దగ్గరున్న ఊరేదో ముందు అది చూడండి.