అన్నయ్య మళ్లీ బండెక్కాలి

ప్రమాదంలో ఎడమచేతి పట్టు పోయిన మన హాస్టల్ సీనియర్ అన్నయ్యకు గాజువాక నుంచి పనికి వెళ్లడానికి బండే ఆధారం. "ఇక బండి మానెయ్" అనే సలహాను మేము ఒప్పుకోము. క్లచ్ లివరును కుడివైపు, ముందు బ్రేకు లివరు పక్కనే అమర్చవచ్చు. ఒక్క చేతికి బరువు తగ్గాలంటే హైడ్రాలిక్ క్లచ్ మేలు. అయితే దాని మూతపై రాసిన ఆయిలే పోయాలి. డాట్ 4 చోట మినరల్ ఆయిల్ పోస్తే రబ్బరు సీళ్లు ఉబ్బి చెడతాయి. డాట్ 4 తేమను పీల్చుకుంటుంది కాబట్టి, మన సముద్రపు గాలిలో డబ్బా మూత తెరిచి ఉంచరాదు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రవాణా అధికారుల అనుమతితో వికలాంగులకు అనువుగా బండిని మార్చుకోవచ్చు. ఐ.టి.ఐ. చదివిన పూర్వ విద్యార్థులు పనికి ముందుకు వస్తే, ఖర్చు తలా కొంత మేము వేసుకుంటాము.