అడవిని విస్తీర్ణంతో కొలిస్తే సరిపోదు

సత్తుపల్లి, కొత్తగూడెం మీదుగా భద్రాచలం వెళ్లే దారిలో రెండు రకాల పచ్చదనం కనిపిస్తుంది. ఒకటి జామాయిల్ తోటలది: ఒకే జాతి, ఒకే ఈడు, తాడు పట్టి నాటిన వరుసలు. రెండోది టేకు, నల్లమద్ది, తునికి, ఇప్ప, వెదురు కలగలిసిన అసలు అడవి. భారత అటవీ సర్వే సంస్థ లెక్కల్లో మాత్రం రెండూ ఒకటే. కనీసం హెక్టారు నేలలో చెట్ల నీడ 10 శాతం ఉంటే చాలు, ఏ జాతి చెట్లయినా, ఎవరి భూమైనా దాన్ని అటవీ విస్తీర్ణంగానే రాసుకుంటారు.

కోయ గూడేలకు ఈ తేడా బాగా తెలుసు. ఎండలు ముదిరేవేళ ఇప్పపువ్వు, ఆ వెంటనే తునికాకు, చలికాలంలో ఉసిరి, మధ్యలో తపసి జిగురు. ఏడాది పొడవునా చేతిలో నాలుగు డబ్బులు ఆడేది వీటివల్లే. ఇప్పపువ్వు, తునికిపండు ఎలుగుబంటికీ ఆహారమే. జామాయిల్ తోటలో వీటిలో ఒక్కటీ దొరకదు.

పాల్వంచ దగ్గరి కిన్నెరసాని అభయారణ్యం దాదాపు 635 చదరపు కిలోమీటర్లు. అడవిదున్న, దుప్పి, చిరుత, ఎలుగు అక్కడ బతుకుతున్నాయి, జలాశయంలో మొసళ్లున్నాయి. అయితే జంతువులు అభయారణ్యం హద్దురాళ్ల దగ్గర ఆగిపోవు. చుట్టూ ఉన్న రిజర్వు అడవి కూడా వాటికి కావాలి. ఆ అడవి తలరాతను రాసేది అటవీ శాఖ వర్కింగ్ ప్లాన్, అంటే అడవి నిర్వహణ ప్రణాళిక.

సహజ అడవులను తోటల పెంపకం కోసం పరిశ్రమలకు ఇవ్వరాదని 1988 జాతీయ అటవీ విధానం తేల్చి చెప్పింది. వర్కింగ్ ప్లాన్‌లో జీవవైవిధ్యాన్ని అంచనా వేసి, కాపాడే మార్గం చూపాలని 2014 నాటి జాతీయ కోడ్ నిర్దేశించింది. 2023లో దాన్ని సవరించారు కూడా. కాగితం మీద లోటేమీ లేదు. ఆచరణలో మాత్రం మొక్కల సంఖ్యదే పెత్తనం. 2015లో మొదలైన తెలంగాణ హరితహారం లక్ష్యం సైతం 230 కోట్ల మొక్కలే.

జామాయిల్ మీద పగబట్టాల్సిన పని లేదు. సారపాక కాగితం మిల్లుకు రైతులు సొంత చేలల్లో పెంచిన కర్ర చేరితే సహజ అడవి మీద భారం తగ్గుతుంది. అభ్యంతరమల్లా అడవి నేలలో ఒకే జాతిని పరచడం మీదే.

సరిహద్దు మరో చిక్కు. 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి; భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలింది. గోదావరికి అటూ ఇటూ ఉన్న అడవి ఇప్పుడు రెండు రాష్ట్రాల అటవీ శాఖల చేతుల్లో ఉంది. ఆపైన ఛత్తీస్‌గఢ్.

అడవి నేలలో పోడు సాగు రేపిన గాయం ఇంకా మానలేదు. 2022 నవంబరులో చంద్రుగొండ మండలంలో పోడు వివాదంలో ఒక అటవీ రేంజి అధికారి ప్రాణం పోయింది. 2023లో తెలంగాణ అంతటా సుమారు 4 లక్షల ఎకరాల పోడు భూములకు పట్టాలిచ్చారు. పట్టాతో పాటు అడవిని కాపాడే, నిర్వహించే సామూహిక హక్కు కూడా 2006 అటవీ హక్కుల చట్టంలో ఉంది. దాన్ని పక్కనబెట్టి రాసే ఏ ప్లానూ నిలవదు.

రాబోయే వర్కింగ్ ప్లాన్లలో ప్రతి బీటుకూ ఏ జాతులు పెరిగాయి, ఏవి తరిగాయి అన్న లెక్క ఉండాలి. సహజ అడవిని కొట్టి ఒకే జాతి నాటడం పూర్తిగా ఆపాలి. పాత జామాయిల్ నరికిన చోట ఇప్ప, తునికి, నల్లమద్దిని తిరిగి రానివ్వాలి. మూడు రాష్ట్రాల అటవీ శాఖలు కలిసి కూర్చోవాలి, గ్రామసభలను ఆ చర్చలోకి పిలవాలి. వీటిలో దేనికీ కొత్త చట్టం అక్కర్లేదు. ఉన్నవాటిని అమలు చేస్తే చాలు.